పిక్కల లెక్క తెలిసిన అమ్మాయి జర్మనీలో ఎంబీఏ చదవొచ్చా?

ప్రశ్న: అప్పా, నమస్కారం. మాది పర్లాకిమిడి. నాకు 28 ఏళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బరంపురం యూనివర్సిటీ నుంచి 2021లో ఎం.కాం. పూర్తిచేశాను. అప్పటినుంచి పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్సు, డిస్పాచ్ చూస్తున్నాను. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. జీతం 24 వేలు. నాన్నకి బజారులో కిరాణా కొట్టుంది. విదేశాల్లో ఎంబీఏ చదవాలని నాకు చాలా కాలంగా కోరిక. విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీవాళ్ళు బెర్లిన్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ చూపించారు. 15 నెలల ఇంటర్నేషనల్ ఎంబీఏ, అంతా ప్రాక్టికల్‌గా ఉంటుంది, కంపెనీల్లో ప్రాజెక్టులు చేయిస్తారు అంటున్నారు. ఫీజు 22,000 యూరోలు. మొత్తం ఖర్చు 38 లక్షలట. ఇల్లు తాకట్టు పెట్టి 25 లక్షలు లోను తీసుకుందామని, మిగతాది నా పెళ్ళికి దాచిన డబ్బులోంచి ఇస్తానని నాన్న ఒప్పుకున్నారు. కానీ రాత్రిళ్ళు ఆయనకి నిద్ర పట్టడం లేదని అమ్మ చెప్పింది. సీటు ఉంచాలంటే రెండు వారాల్లో లక్ష కట్టాలంటున్నారు. నా ఇంగ్లీషు రాయడానికి ఫరవాలేదు, మాట్లాడటమే ఆలస్యం. అక్కడ నెగ్గుకురాగలనా? ఇంత అప్పు చేసి వెళ్ళడం తప్పా? టెన్షన్‌తో పని మీద ధ్యాస ఉండటం లేదు. – పర్లాకిమిడి నుంచి ఒక చెల్లెలు

సమాధానం: అమ్మా, ‘అప్పా’ అన్న పిలుపు ఉత్తరంలో చూసి చాలా కాలమైంది. మన వైపు అక్కని అలాగే అంటాం కదా. ఆ చనువుతోనే నేనూ నువ్వు అని రాస్తున్నాను.

ముందు ఆ లక్ష రూపాయలు కట్టకు. మిగతా మాటలన్నీ ఆ తర్వాత. రెండు వారాల గడువు ఆ కన్సల్టెన్సీది, నీ చదువుది కాదు. చేరదలచుకున్న కాలేజీ నుంచి నీ పేరు మీద అడ్మిషన్ ఉత్తరం రాకముందే, నడుమ ఉన్నవాళ్ళ ఖాతాలో డబ్బు వేసి వెనక్కి రాబట్టుకోలేక తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. 31 ఏళ్ళ వయసులో బెర్లిన్ వెళ్ళి ఎంబీఏ చేశాను. వెళ్ళేముందు ఒక ఏజెంటుకు ఇలాగే ‘సీటు డబ్బు’ కట్టాను. ఆ సీటూ రాలేదు, డబ్బూ రాలేదు. నేను చివరికి చదివిన కోర్సుకి ఏ ఏజెంటూ అవసరం పడలేదు. యూనివర్సిటీ వెబ్‌సైటులో నేనే దరఖాస్తు నింపుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ‘ప్రాక్టికల్ ఎంబీఏ’ అన్న మాటకి నీకు వాళ్ళు చెప్పిన అర్థం, కాలేజీవాళ్ళు మనకి పని నేర్పిస్తారు అని. నేను చూసింది వేరు. మనం చేసిన పనిని అక్కడ పదిమంది ముందు విప్పి చూపించాలి. దాన్ని నలుగురూ ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నల్లోంచి మనం నేర్చుకుంటాం. చేతిలో పనేమీ లేకుండా వెళ్ళినవాళ్ళకి విప్పడానికి ఏమీ ఉండదు. మంచి ఎంబీఏలన్నీ కనీసం ఏడాది, రెండేళ్ళ ఉద్యోగ అనుభవం తప్పనిసరి అనడానికి కారణం అదే.

నా మొదటి నెలలో జరిగింది చెప్తాను. క్లాసులో ఐదుగురం ఒక గ్రూపు. ఒక చిన్న కంపెనీ గోడౌన్‌లో సరుకు ఎందుకు పేరుకుపోతోందో చూసి రిపోర్టు ఇవ్వాలి. ప్రొఫెసర్ నా వైపు తిరిగి, ‘మీరు పనిచేసిన చోట దీన్ని ఎలా చూసుకునేవాళ్ళు?’ అని అడిగారు. నేను అప్పటికి ఐదేళ్ళు ఒక సంస్థలో స్టాకు రిజిస్టర్లు రాశాను. సమాధానం నాకు తెలుసు. కానీ బరంపురంలో చేసిన పని బెర్లిన్‌లో చెప్పుకునేంత గొప్పదా అని నోరు విప్పలేదు. పుస్తకంలో చదివిన రెండు వాక్యాలు అప్పజెప్పాను. ఆయన మర్యాదగానే, ‘ఇది నేనూ చదివాను, మీ గోడౌన్ గురించి చెప్పండి’ అన్నారు. ఆ రోజు రాత్రి గదిలో కూర్చుని మా స్టాకు రిజిస్టరులో కాలమ్‌లు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుని కాగితం మీద గీశాను. మర్నాడు దాన్నే చూపించాను. ఆ గ్రూపు రిపోర్టు దాని మీదే నిలబడింది. ఆ ప్రొఫెసర్ అలా అడగడం వెనక ఒక కారణముంది. జర్మనీలో ‘హోఖ్‌షూలె’ అని పిలిచే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ కావాలంటే కనీసం ఐదేళ్ళ ఉద్యోగ అనుభవం ఉండాలి. అందులో మూడేళ్ళు యూనివర్సిటీ బయట పనిచేసి ఉండాలి. అది అక్కడి చట్టాల్లోనే ఉంది. వాళ్ళు ఫ్యాక్టరీల నుంచి, బ్యాంకుల నుంచి వచ్చినవాళ్ళు. మన నుంచీ అలాంటి మాటలే ఆశిస్తారు.

ఆ లెక్కన నీ చేతిలో ఏముందో చూడు. 80 కిలోల పిక్కల (పెంకు తీయని జీడిగింజల) బస్తా లోపలికి వస్తే ఇరవై కిలోల పైచిలుకు పప్పు బయటికి వస్తుంది. అందులో గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అన్న దాని మీదే యజమాని లాభం ఉంటుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకి మూడు వందల చిల్లర గుండ్లు అని నీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మన కొండల మీది పంట చాలక ఆఫ్రికా పిక్క దిగుమతి చేసుకోవడం, ఓడ ఆలస్యమైతే ఫ్యాక్టరీలో పని ఆగడం, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళకి జీడి అంటి చర్మం కాలడం, పండగల ముందు ధర కదలడం, ఇవన్నీ నీ కళ్ళ ముందు జరిగేవి. ఇవి నీకు రోజువారీ విసుగులా అనిపిస్తాయి. అక్కడ ఇవే పాఠాలు.

యూరప్‌లో జీడిపప్పు ఎక్కువగా కొనే దేశాల్లో జర్మనీ ముందు వరసలో ఉంటుంది. పప్పు ఎగుమతిలో వియత్నాంది మొదటి స్థానం. పిక్క పండేది ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికాలో. మా బ్యాచ్‌లో ఒక వియత్నాం అబ్బాయి, ఒక ఘనా ఆవిడ ఉండేవాళ్ళు. ఒకసారి మధ్యాహ్నం తింటూ ముగ్గురం మాట్లాడుకుంటే, ఆవిడ ఊళ్ళో కొన్న పిక్క అతని దేశానికి పోయి పప్పై, మేం కూర్చున్న వీధి చివర సూపర్ మార్కెట్లో పొట్లంగా ఉందని తెలిసింది. మా పలాస దానిలో ఎక్కడుందో చెప్పమని వాళ్ళిద్దరూ నన్ను అడిగారు. నాకు తెలిసింది చాలా తక్కువ. నువ్వైతే గంటసేపు చెప్పగలవు.

ఇంకా లోతుగా వెళ్ళు. తినడానికి సిద్ధంగా అమ్మే జీడిపప్పులో అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, మొత్తం మీద కిలోకి 4 మైక్రోగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. దాన్ని అందుకోవాలంటే ఎండబెట్టే కళ్ళం దగ్గర నుంచి తేమ చూసుకోవాలి. జర్మనీలో 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సరఫరా చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమకి సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గర కూలీల పరిస్థితి కూడా చూసుకోవాలి. అంటే పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతికి గ్లవ్స్ ఉన్నాయా లేదా అన్నది బెర్లిన్‌లో కొనేవాడికీ సంబంధించిన విషయమైంది. పలాస, పర్లాకిమిడి చుట్టుపక్కల ఒక చిన్న ఫ్యాక్టరీ ఈ రెండు షరతులకీ నిలబడాలంటే ఎంత ఖర్చు, ఆ ఖర్చు ఎన్నేళ్ళలో తిరిగొస్తుంది? ఈ ఒక్క ప్రశ్న చాలు నీ థీసిస్‌కి. నీ దరఖాస్తు ఉత్తరానికి కూడా ఇదే చాలు. ‘నాకు గ్లోబల్ లీడర్ కావాలని ఉంది’ అని కన్సల్టెన్సీవాళ్ళు రాసిచ్చే ఉత్తరం పంపొద్దు. అలాంటివి వాళ్ళు వందలు చదువుతారు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి నా సమాధానం: నువ్వు అక్కడ నెగ్గుకురాగలవు. నాలుగున్నరేళ్ళు ఒకే పని దగ్గర నిలబడినదానివి. నాకున్న అనుమానం నీ మీద కాదు, ఆ కాలేజీ మీద.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా మాస్టర్స్ కోర్సులకి ఫీజు ఉండదు. కానీ ఎంబీఏని ఉద్యోగం చేసినవాళ్ళ పైచదువుగా లెక్కేస్తారు కనుక ప్రభుత్వ సంస్థల్లో కూడా సాధారణంగా ఫీజు ఉంటుంది. కాబట్టి ఫీజు అడిగారని కాలేజీని అనుమానించనక్కర్లేదు. చూడాల్సింది మూడు సంగతులు. ఆ కాలేజీ జర్మనీలో ప్రభుత్వ గుర్తింపు ఉన్నదేనా? ‘హోఖ్‌షూల్‌కొంపాస్’ అనే వెబ్‌సైటులో గుర్తింపు ఉన్న సంస్థలన్నీ ఉంటాయి. అక్కడ వెతుకు. రెండోది, డిగ్రీ ఎవరు ఇస్తారు? బెర్లిన్‌లో గదులు అద్దెకు తీసుకుని, వేరే దేశపు యూనివర్సిటీ డిగ్రీ ఇప్పించే సంస్థలు ఉన్నాయి. జర్మన్ డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. ఆ సంస్థల్లో చదివితే ఆ హక్కు చిక్కుల్లో పడుతుంది. మూడోది, తరగతులు పూర్తిగా క్లాసులోనే జరుగుతాయా, సగం ఆన్‌లైనా? 2025లో బెర్లిన్‌లో మన దేశపు విద్యార్థులు కొందరు ఈ సగం ఆన్‌లైన్ కోర్సుల వల్లే వీసా ఇబ్బందుల్లో పడ్డారు. ఈ మూడింటికీ కాలేజీ నుంచి నేరుగా, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. ఏజెంటు ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. ప్రైవేటు కాలేజీలు ఏజెంట్లకి కమీషను ఇస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల వల్ల వాళ్ళకి అలాంటి రాబడి ఉండదు. నీకు ప్రభుత్వ యూనివర్సిటీ పేరు ఒక్కటీ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

బెర్లిన్ ఒక్కటే పట్టుకుని కూర్చోకు. లైప్‌జిగ్ అని ఇంకో ఊరుంది. ఎన్నో శతాబ్దాలుగా వర్తక సంతలకి పేరుపడ్డ ఊరు. అద్దెలు బెర్లిన్ కంటే తక్కువ. అక్కడి యూనివర్సిటీ 1409లో మొదలైంది. దానిలో చిన్న, మధ్యతరహా వ్యాపారాల మీదే నడిచే ఒక అంతర్జాతీయ ఎంబీఏ ఉంది, సెప్ట్ ప్రోగ్రామ్ అంటారు. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి, తిరిగి తమ దగ్గరి చిన్న వ్యాపారాలతో పనిచేయాలనుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టిన కోర్సు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. ఇంకో సంగతి. జర్మనీ ప్రభుత్వ డబ్బుతో నడిచే డాడ్ అనే సంస్థ మనలాంటి దేశాల ఉద్యోగస్తులకి ‘ఎపోస్’ పేరుతో స్కాలర్‌షిప్పు ఇస్తుంది. నెలకి 992 యూరోలు, బీమా, ప్రయాణ ఖర్చు. ఏ కోర్సులకి ఇస్తారో ఏటా ఒక జాబితా వేస్తారు. లైప్‌జిగ్ కోర్సు చాలా ఏళ్ళు ఆ జాబితాలో ఉంది. దీనికి రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి, అది నీకుంది. చివరి డిగ్రీ వచ్చి ఆరేళ్ళు దాటకూడదు. నీ ఎం.కాం. 2021లో అయింది కనుక 2027 వరకే నీకు వీలుంది. చాలా కోర్సులకి దరఖాస్తు గడువు తరగతులు మొదలవడానికి దాదాపు ఏడాది ముందే ముగిసిపోతుంది. తొందరపడాల్సింది ఏదైనా ఉంటే ఇది. పోటీ గట్టిగా ఉంటుంది, వస్తుందని నేను మాటివ్వలేను. కానీ దీనికి దరఖాస్తు చేయకుండా ఇల్లు తాకట్టు పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇక డబ్బు. యూరో వంద రూపాయలని లెక్కేసుకుందాం. ఫీజు 22 లక్షలు. వీసాకి ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు ముందే ఒక బ్లాక్డ్ అకౌంట్లో వేసి చూపించాలి. అందులోంచి నెలకి 992 మాత్రమే తీసుకోనిస్తారు. 15 నెలలకైతే దాదాపు 15 లక్షలు. అంటే విమానం టికెట్టు, పరీక్ష ఫీజులు కలపకముందే 37 లక్షలు. ఆ 992లో బెర్లిన్‌లో ఒక గదికే 500 నుంచి 700 పోతుంది. ఆరోగ్య బీమాకి సుమారు 145. విద్యార్థులకిచ్చే ఈ చౌక బీమా 30 ఏళ్ళు నిండేవరకే అన్న సంగతి కూడా మనసులో పెట్టుకో, నువ్వు ఆ వయసుకి దగ్గర్లో ఉన్నావు.

25 లక్షల లోను పదేళ్ళకి, 11 శాతం వడ్డీకి అనుకుంటే నెలవాయిదా సుమారు 34,400. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ దీని మీద అదనం, అది ఏడాదికి 2.75 లక్షలు. ఇప్పుడు రెండు రకాలుగా ఆలోచించు. అక్కడ ఉద్యోగం దొరికి బ్లూ కార్డు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, వచ్చిందనుకో. కొత్తగా డిగ్రీ చేసినవాళ్ళకి 2026లో ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 45,934 యూరోలు. పన్నులు పోగా నెలకి చేతికొచ్చేది సుమారు 2,400 నుంచి 2,500. వాయిదా కట్టి బతకొచ్చు. కానీ ఉద్యోగం దొరక్క ఇంటికి వచ్చి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో 50 వేల జీతానికి చేరావనుకో. అందులో 34 వేలు బ్యాంకుకి పోతాయి. నాన్నగారికి నిద్ర పట్టనిది ఈ రెండో లెక్క వల్లే. ఆయన భయం సరైనదే. దాన్ని పిరికితనం అనుకోకు.

పార్ట్‌టైమ్ పనిచేసి ఖర్చులు రాబట్టుకోవచ్చని కన్సల్టెన్సీవాళ్ళు చెప్పే ఉంటారు. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోనిస్తుంది, అది నిజమే. కానీ పగలంతా క్లాసులు, రాత్రి గ్రూపు పని ఉండే ఎంబీఏలో ఆ రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? మా బ్యాచ్‌లో రాత్రి షిఫ్టులకి వెళ్ళిన ఒకతను రెండు పేపర్లు పోగొట్టుకున్నాడు. అక్కడ ఒక పేపరు మళ్ళీ రాయడానికి అవకాశాలు లెక్కపెట్టి ఇస్తారు. అవి అయిపోతే కోర్సే పోతుంది. పార్ట్‌టైమ్ సంపాదనని నీ లెక్కలో సున్నా అని వేసుకో.

నా లెక్క ప్రకారం నీకు మోయగలిగిన అప్పు పది లక్షల లోపు. అంటే స్కాలర్‌షిప్పు రావాలి, లేదా ఫీజు బాగా తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీ దొరకాలి, లేదా ఫీజే లేని మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి వెళ్ళాలి. ఈ మూడూ కుదరకపోతే వెళ్ళొద్దు. ఈ మాట రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు, నీ కోరిక ఎంత బలమైనదో ఉత్తరంలో కనిపిస్తోంది. కానీ ఇల్లు పోతే నీకే కాదు, కొట్టు మీద బతుకుతున్న ఇద్దరు పెద్దవాళ్ళకీ నీడ పోతుంది.

భాష సంగతి. నీ ఇంగ్లీషు గురించి నాకు పెద్ద భయం లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 తెచ్చుకోవాలి, ఆరు నెలలు రోజూ గట్టిగా మాట్లాడితే వస్తుంది. అక్కడ క్లాసులో సగం మంది నీలాగే ఆగి ఆగి మాట్లాడతారు. అసలు భాష జర్మన్. కోర్సు ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ క్లాసు బయట చాలా ఉద్యోగాలు జర్మన్ అడుగుతాయి. ముఖ్యంగా సరుకు కొనే, అమ్మే చిన్న కంపెనీల్లో. జర్మన్‌లో బీ1 స్థాయి (ఏ1, ఏ2 తర్వాతి మూడో మెట్టు) లేకుండా 18 నెలలు వెతికి ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు నాకు తెలుసు. అందరూ తెలివైనవాళ్ళే. వెళ్ళేముందు ఏ2 వరకైనా ఇక్కడే పూర్తిచెయ్యి. బస్సులో రోజూ వెళ్ళి వచ్చే సమయం నీకుంది.

కొత్త భాష అని బెదరకు. నువ్వు పెరిగిన ఊరే ఇందుకు సాక్ష్యం. మన పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తిగారు సవర భాష ఎలా నేర్చుకున్నారో తెలుసు కదా. చేతిలో వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, జీతమిచ్చి నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆ భాషకి నిఘంటువు, వ్యాకరణం ఆయనే తయారుచేశారు. నీకు జర్మన్ పాఠాలు ఫోన్లోనే దొరుకుతున్నాయి. పైగా నువ్వు పొద్దున అమ్మతో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో లారీ డ్రైవర్లతో హిందీ మాట్లాడి సాయంత్రానికి ఇంటికి చేరుతున్నావు. మాట రాకపోతే సైగతో, ఒక్కో పదంతో నెట్టుకొచ్చే అలవాటు సరిహద్దు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఉంటుంది. బెర్లిన్‌లో మొదటి ఏడాది నన్ను నిలబెట్టింది అదే.

కాగితాల గురించి మన జిల్లాలవాళ్ళకే వచ్చే రెండు ఇబ్బందులు చెప్తాను. ఒకటి, పేరు. బడిలో ఒడియా మాస్టారు మన ఇంటిపేరు వదిలేసి నాన్న పేరు చివరి ‘రావు’నే ఇంటిపేరుగా రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. నా సర్టిఫికెట్లలో నా పేరు మూడు రకాలుగా ఉండేది. జర్మనీ వాళ్ళకి ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే మనిషి కిందే లెక్క. నీ పదో తరగతి సర్టిఫికెట్టు, ఎం.కాం. డిగ్రీ, పాస్‌పోర్టు ఈ రాత్రే పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే మిగతా పనులన్నిటికంటే ముందు అది సరిచేయించు. ఆ తర్వాత ఏపీఎస్. మన డిగ్రీలు నిజమైనవేనని ఢిల్లీలో పరిశీలించి ఇచ్చే ధ్రువపత్రం అది. ఫీజు 18,000 రూపాయలు. అది లేకుండా సాధారణంగా వీసా రాదు.

రెండోది, కాన్సులేట్. నువ్వు పనిచేసేది ఆంధ్రాలో, కన్సల్టెన్సీ విశాఖలో, కాబట్టి వీసాకి చెన్నై పరిధి అనుకునే ప్రమాదం ఉంది. మనం ఏ రాష్ట్రంలో నివసిస్తామన్నదే లెక్క. ఒడిశావాళ్ళు కోల్‌కతా జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. మహేంద్రతనయ దాటి పాతపట్నంలో ఉన్న మేనత్త ఇంటి అడ్రసు పెట్టించే సలహాలు ఎవరైనా ఇస్తే వినకు. వీసా తిరస్కరిస్తే మళ్ళీ పరిశీలించమని ఉచితంగా కోరే పాత పద్ధతిని 2025 జూలై 1 నుంచి తీసేశారు. మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు చేయాలి, లేదా కోర్టుకి వెళ్ళాలి. అందుకే మొదటిసారే అన్నీ సరిగ్గా ఉండాలి.

పెళ్ళి గురించి నువ్వు నేరుగా అడగలేదు. కానీ పెళ్ళికి దాచిన డబ్బు అని రాసిన చోట నీ అక్షరాలు చిన్నవైపోయాయి. ఆ డబ్బు మీద నాన్నగారికి ఉన్న ఆలోచనల్ని గౌరవించు. వాటిలో ఎక్కువ భాగం నీ మీద ప్రేమే. నేను వెళ్ళేటప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. వాదించి గెలవడం నాకు చేతకాలేదు. ఒక ఆదివారం మా నాన్నని కూర్చోబెట్టి, ఎంత ఖర్చు, ఎంత అప్పు, ఉద్యోగం రాకపోతే ఎలా తీరుస్తాను అన్నది కాగితం మీద చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని, రెండు అంకెలు ఆయనే దిద్దారు. ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తలేదు. మీ నాన్నగారు కొట్టు నడిపే మనిషి, లెక్క ఆయనకి నీకంటే ముందే అర్థమవుతుంది. పై రెండు లెక్కలూ ఆయన చేతికివ్వు. ‘ఇల్లు తాకట్టు పెట్టడం లేదు నాన్నా, స్కాలర్‌షిప్పుకి ఏడాది ప్రయత్నిస్తాను, ఈలోగా ఉద్యోగం మానను’ అని చెప్పు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టాలి. అది నీ అడ్మిషన్ కంటే ముందు జరగాల్సిన పని.

మార్చి నుంచి మే దాకా కొత్త పిక్క వచ్చే రోజులు. ఫ్యాక్టరీలో నీకు ఊపిరాడదు, తెలుసు. అయినా ఒక నోట్‌బుక్ కొనుక్కో. రోజూ ఇంటికి వచ్చే బస్సులో ఒక పేజీ రాయి, నీకు వచ్చిన ఇంగ్లీషులోనే. ఆ రోజు ఎన్ని బస్తాలు వచ్చాయి, తేమ ఎంత, గుండు ఎంత పడింది, ఏ లాట్‌ని ఎవరు ఎందుకు వద్దన్నారు, పిక్కలు కొట్టే ఆవిడ ఏమంది. యజమాని పేరు, ధరల రహస్యాలు రాయకు, అవి ఆయనవి. మొదటి పది పేజీలు అయ్యాక ఫొటో తీసి నాకు పంపు. దరఖాస్తు ఉత్తరంలోకి వాటిలో ఏది తీసుకోవాలో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.